బొంత పూర్తి కావడం లేదు, షికారు నచ్చడం లేదు

ప్రశ్న: నమస్తే అండీ. నాకు 59 ఏళ్ళు. నిరుడు ఉద్యోగం నుంచి రిటైరయ్యాను. తీరిక దొరికితే రెండు పనులు మనసారా చేసుకోవాలని ఎప్పటి నుంచో కోరిక. ఒకటి, పొద్దున్నే బయల్దేరి కొండో చెరువో అడవో చూసి చీకటి పడేలోగా ఇల్లు చేరడం. రెండోది, పాత బట్టల ముక్కలతో బొంతలు కుట్టడం. ఇప్పుడు తీరికైతే ఉంది కానీ రెంటిలోనూ అనుకున్న సంతోషం లేదు. షికారుకు వెళ్తే మావారు ఒక్క రోజులోనే నాలుగైదు చోట్లు చూసేయాలంటారు. కారు దిగడం, ఫొటో తీయడం, మళ్ళీ కారెక్కడం. ఇంటికొచ్చేసరికి తలనొప్పి, మర్నాడంతా పడకే. బొంత సంగతి ఇంకా అన్యాయం. డబుల్ కాట్‌కి సరిపడా కుడదామని ముక్కలన్నీ కోసి పెట్టాను. నెలలు గడుస్తున్నా నాలుగు వరుసలు దాటలేదు. ఆ మూట కనబడితేనే టెన్షన్. "అంత కష్టం ఎందుకత్తయ్యా, కొనుక్కుంటే పోలా" అంటుంది కోడలు. మంచి పిల్లే, మాట కూడా నిజమే అనిపిస్తుంది. అసలు ఇవి నాకు నిజంగా ఇష్టమేనా, లేక ఇష్టమని ఇన్నాళ్ళూ భ్రమపడ్డానా? ఇంకో చిన్న సందేహం. వేళ్ళు నొప్పెడుతున్నాయి. మిషన్ మీద కుడితే అది బొంత కిందికి వస్తుందా?

- ఒక పాఠకురాలు

సమాధానం: ఇష్టం లేని పనిని చూస్తే టెన్షన్ రాదండీ, విసుగొస్తుంది. దాన్ని అటకెక్కించి మర్చిపోతాం. మీరు ఆ మూటను మర్చిపోలేకపోతున్నారు. షికారు సరిగ్గా సాగలేదని కూర్చుని ఉత్తరం రాశారు. ఇష్టానికి ఇంతకంటే రుజువేం కావాలి? ఆ అనుమానం ఇక్కడితో వదిలేయండి.

నాకు కనబడుతున్న చిక్కల్లా సైజుది. ఉద్యోగం చేసిన అన్నేళ్ళూ ఈ రెండు సరదాలనూ వాయిదా వేస్తూ వచ్చారు. వాయిదా పడిన కోరిక ఊరికే ఉండదు, అప్పులాగా వడ్డీతో పెరుగుతుంది. తీరా తీరిక దొరికేసరికి చిన్న బొంత ఆనలేదు, డబుల్ కాట్‌దే కావాల్సి వచ్చింది. ఒక్క చెరువు ఆనలేదు, నాలుగైదు చోట్లు కావాల్సి వచ్చాయి. సరదా కాస్తా ప్రాజెక్టయి కూర్చుంది. ప్రాజెక్టు అన్నాక గడువు, లెక్క, "ఎంతవరకు వచ్చింది" అని అడిగేవాళ్ళు, సలహా ఇచ్చేవాళ్ళు అందరూ తయారు. మీరు రిటైరయింది వాటి నుంచే కదా!

ముందు బొంత లెక్క చూద్దాం. ముక్కలు ఎంతెంతవి కోశారో మీరు రాయలేదు. చాలామంది కోసుకునే ఐదంగుళాల చదరాలే అనుకుందాం. నాలుగు పక్కలా పావు అంగుళం కుట్లలోకి పోతే, కుట్టాక ఒక్కో ముక్క నాలుగున్నర అంగుళాలు కనిపిస్తుంది. అంటే 90 అంగుళాల చదరపు బొంతకు వరుసకు 20 ముక్కల చొప్పున 20 వరుసలు. మొత్తం 400 ముక్కలు. ఒక్క వరుసలోనే 19 అతుకులు. ఇదంతా చేస్తే తయారయ్యేది పై పొర మాత్రమే. దాని కింద దూది, ఆ కింద అస్తరు పరిచి, మూడూ కదలకుండా కచ్చా కుట్లు వేసుకున్నాక గానీ అసలు బొంత కుట్టు మొదలవదు. చేత్తో ఇంత పెద్దది కుట్టాలంటే చెయ్యి తిరిగినవాళ్ళకే నెలలు పడుతుంది. మీరు వెనకబడ్డారని ఎవరన్నారు?

ఇప్పుడు ఆ నాలుగు వరుసల్నీ తీసి మంచం మీద పరవండి. నా లెక్క సరైతే 18 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడుగు ఉంటాయి. హోటల్ గదుల్లో పరుపు మీద కాళ్ళ వైపు అడ్డంగా ఒక పట్టీ వేస్తారు చూడండి, ఇంచుమించు ఆ కొలత. దానికి పల్చటి దూది, ఒక అస్తరు వేసి, చుట్టూ అంచు కుట్టేయండి. నెలల తరబడి పూర్తి కాలేదని మీరు బాధపడుతున్నారు గానీ, ఈ పట్టీ లెక్కన చూస్తే పనిలో చాలాభాగం ఎప్పుడో అయిపోయింది.

మరి మిగిలిన 320 ముక్కలు? వాటిని పదహారేసి చొప్పున కట్టలు కట్టుకోండి. వరుసకు నాలుగు, నాలుగు వరుసలు. కుడితే 18 అంగుళాల చదరం, ఒక కుషన్ కవరు. ఇరవై కుషన్లు ఏం చేసుకుంటాను అనకండి, ఇరవై కుట్టమనడం లేదు. ఒకటి కుట్టండి. రెండోది కుట్టాలనిపిస్తే కుట్టండి, లేకపోతే ముక్కలు డబ్బాలో పడుంటాయి, వాటికేం తొందర లేదు. పెద్ద బొంత మీద మోజు అప్పటికీ తీరకపోతే దానికీ దారి ఉంది. ఈ పదహారు ముక్కల చదరాలకే విడివిడిగా దూది, అస్తరు వేసి కుట్టేసుకుని, చివర్లో ఐదేసి చొప్పున ఐదు వరుసలు కలిపేస్తే 90 అంగుళాలు వచ్చేస్తుంది. పాతిక చదరాలన్నమాట. మిగిలిన ముక్కలతో ఇరవై వస్తాయి, పట్టీలోకి పోయిన ఎనభై ముక్కలకు బదులు ఇంకో ఎనభై కోసుకోవాలి, అంతే. బొంతలు కుట్టేవాళ్ళు చాలామంది ఇలాగే కుడతారు. ఒళ్ళో పట్టేంత పని మాత్రమే చేతిలో ఉంటుంది, మంచమంత బరువును మోకాళ్ళ మీద వేసుకుని ఈడ్చుకోనక్కర్లేదు.

రోజూ ఎంతసేపు కుట్టాలి అంటారేమో. గడియారంతో పెట్టుకోకండి, దారంతో కొలుచుకోండి. సూదికి మూరెడు దారం ఎక్కించండి. అది అయిపోతే ఆ పూటకు చాలు. ఇంకా చెయ్యి ఆగకపోతే ఇంకో మూర. మూరకు మించి తీసుకుంటే ఎలాగూ దారం మెలికలు పడుతుంది, బట్టలో పదేపదే దూరి నూగు లేచి తెగుతుంది కూడా. ఇది కొంతవరకు బద్ధకస్తుల పద్ధతే, ఒప్పుకుంటాను. కానీ మూరెడు దారం మీద టెన్షన్ పడడం ఎవరి వల్లా కాదు.

ఆ మూర నడుస్తున్నంతసేపూ చేతుల వైపు చూడండి. రెండు ముక్కల్ని మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి, మూలల్లో గుండుసూదులు గుచ్చి, పెన్సిల్‌తో గీసిన పావు అంగుళం గీత మీద సూదిని దించుతారు. మూడు నాలుగు కుట్లు సూది మీదే పోగుపడ్డాక ఒక్కసారి లాగుతారు. దారం బట్టలోంచి సర్రుమని వస్తుంది. చివర వెనక్కి రెండు కుట్లు వేసి తెంపి, ముక్కల్ని విప్పి, అతుకు మీద బొటనవేలి గోటితో గట్టిగా ఒక గీత గీస్తే అది పడుకుంటుంది. అంతసేపూ విడివిడిగా ఉన్న రెండు రంగులు అప్పుడు పక్కపక్కన చేరతాయి. కొన్నిసార్లు బ్రహ్మాండంగా ఉంటాయి, కొన్నిసార్లు ఇవి రెండూ కలిపానేంటి అనిపిస్తుంది. చాలా రోజులకు ఆ మాత్రం చాలు. బొంత పూర్తయ్యాక వచ్చే సంతోషం ఒక్కరోజుది, ఇది కుట్టినన్ని సాయంత్రాలూ ఉంటుంది. పెద్ద బొంత మోజులో మీకు దొరక్కుండా పోయింది ఇదే.

షికారుకు కూడా ఇదే మందు. ఒక రోజుకు ఒక్క చోటు. వెళ్ళడానికి గంటన్నర, రావడానికి గంటన్నర, అంతకు మించిన దూరం వద్దు. అలా గీసుకుంటే చూడ్డానికేం మిగులుతుంది అంటారేమో. పేరున్న చోట్లు మిగలకపోవచ్చు. ఊరి చివర చెరువు గట్టు, కాలవ పక్క చెట్ల వరుస, పది నిమిషాల్లో ఎక్కేసే బోడిగుట్ట మిగులుతాయి. చూసే కంటికి అవి తక్కువేం కాదు. రోజర్ అల్రిచ్ అనే అమెరికన్ పరిశోధకుడు 1984లో 'సైన్స్' పత్రికలో ఒక చిన్న పరిశోధన ప్రచురించారు. పిత్తాశయం ఆపరేషన్ అయిన 23 జతల రోగుల్ని పోల్చి చూశారు. ప్రతి జతలో ఒకరి మంచం పక్క కిటికీలోంచి చెట్లు, ఇంకొకరికి ఇటుక గోడ. చెట్లు కనబడినవాళ్ళు సగటున కాస్త ముందే ఇంటికి వెళ్ళారు, గట్టి నొప్పిమందులు తక్కువ వాడారు. పడుకున్న చోటు నుంచి కిటికీలో కనబడిన చెట్లవి! దాని కోసం వాళ్ళు ఎక్కడికీ పోలేదు.

ఏ వేళకు చేరుకుంటారన్నది దూరం కన్నా ముఖ్యం. పొద్దున, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి కొండ మడతలు, గట్లు, ఒక్కో చెట్టు నీడ విడివిడిగా తెలుస్తాయి. మిట్టమధ్యాహ్నం నీడలన్నీ కాళ్ళ కిందికి పోతాయి, అదే కొండ వెలిసిపోయిన గోడలా చదునుగా కనిపిస్తుంది. నాలుగు చోట్లు తిరిగేవాళ్ళు వాటిలో రెండైనా ఈ మిట్టమధ్యాహ్నమే చూస్తారు. మీ తలనొప్పిలో సగం ఆ ఎండదే అయి ఉంటుంది. తెల్లవారుతూనే బయల్దేరండి, ఎండ ముదిరేసరికి నీడకు చేరి తినడానికి తెచ్చుకున్నదేదో తినేసి, ఓపిక లేకపోతే అట్నించి అటే ఇంటికొచ్చేయండి. మధ్యాహ్నం మూడింటికల్లా ఇల్లు చేరితే షికారు కాకుండా పోతుందా?

వెళ్ళాక కూర్చోండి. గంట కూర్చోండి. మొదటి పావుగంట ఏమీ తోచదు, చెయ్యి ఫోన్ మీదికే పోతుంది. మీ కారు ప్రయాణాలన్నీ ఈ పావుగంట లోపలే అయిపోతున్నాయి, అందుకే మీకు ఫొటోలు తప్ప ఏమీ మిగలడం లేదు. అది దాటాక కళ్ళు నెమ్మదిస్తాయి. మబ్బు నీడ ఒకటి ఎదుటి కొండ మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి వెళ్తుంది. గాలి తగిలిన చోట చెరువు నీళ్ళు నల్లబడి గరుకెక్కుతాయి, గాలి దాటిపోగానే నునుపు తేలి ఆకాశాన్ని చూపిస్తాయి. అంతసేపూ కొయ్యముక్క అనుకున్నది రెక్క విదుల్చుకుని కొంగ అవుతుంది.

వరసగా కొండలు కనబడే చోటైతే వాటి రంగులు గమనించండి. ముందున్న కొండ ముదురు ఆకుపచ్చ. దాని వెనకది బూడిద కలిసిన పచ్చ. ఆ వెనకది లేత నీలం. చివరిది ఆకాశంలో కలిసిపోయేంత లేత. చెట్లు అన్ని కొండల మీదా పచ్చగానే ఉంటాయి. మధ్యలో ఉన్న గాలి సూర్యకాంతిలోని నీలాన్ని ఎక్కువగా చెదరగొట్టి మన కంటి వైపు పంపుతుంది. దూరం పెరిగేకొద్దీ ఆ నీలం పేరుకుంటుంది, కొండ అసలు రంగు వెనకబడుతుంది. ఇది చూసి ఇంటికొచ్చి మీ ముక్కల్లోంచి పదహారు ఏరుకోండి. కింది వరుసకు నాలుగు ముదురు పచ్చలు, పైన నాలుగు బూడిద పచ్చలు, ఆ పైన నాలుగు లేత నీలాలు, అన్నిటికంటే పైన దాదాపు తెల్లవి నాలుగు. పువ్వులున్నా చారలున్నా ఫరవాలేదు, ముదురు లేత తేడా కుదిరితే చాలు. ఆ తేడా కుదిరిందో లేదో తేలకపోతే ముక్కల్ని నేల మీద పేర్చి ఫోన్‌లో నలుపు తెలుపు ఫొటో తీయండి. రంగుంటే కళ్ళు మోసపోతాయి, నలుపు తెలుపులో ఏ ముక్క ఎక్కడ తప్పిందో ఇట్టే తెలిసిపోతుంది. అదిగో, మీ రెండు సరదాలూ ఒకే కుషన్ కవర్లోకి వచ్చేశాయి.

కుట్టుపని షికారుకు తీసుకెళ్ళొచ్చు. కానీ కదిలే కారులో వద్దు. కళ్ళు సూది మీద నిలిచి ఉంటాయి, చెవి లోపలి భాగం మాత్రం కదులుతున్నామని చెబుతుంటుంది, ఈ తగాదాలో కడుపు తిప్పుతుంది. తలనొప్పి మనిషికి ఇంకా కష్టం. చెట్టు కింద కూర్చున్నాక తీయండి. ఒక మాట, షికారులో సూది పడిపోతే దొరకదు. చిన్న అయస్కాంతం ఒకటి సంచీలో వేసుకోండి.

మీవారి సంగతి. ఆయన్ని తప్పు పట్టకండి, డ్రైవింగ్ అంతా ఆయనదే కదా, అంత పెట్రోలు పోసి ఒక్క చోటుకేనా అనిపించడం సహజం. "ఏమండీ, ఈసారి ఒక్కచోటే చూద్దాం, మిగతావి వచ్చే నెలకు దాచుకుందాం" అని చూడండి. దాచుకుందాం అంటే కాదనేవాళ్ళు తక్కువ. అప్పటికీ ఆయన కాళ్ళు నిలవకపోతే మిమ్మల్ని నీడలో కూర్చోబెట్టి చుట్టుపక్కలవి చూసి రమ్మనండి. దంపతులు ఒకే దృశ్యాన్ని ఒకే నిమిషంలో చూడాలని ఎక్కడా లేదు. జలపాతాలు, వాగుల దగ్గర మాత్రం ఇద్దరూ కలిసే ఉండండి. పాకుడు పట్టిన బండలు ఈ వయసులో మంచివి కావు. పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్ళు పెరిగిపోతాయి.

ఇక మీ కోడలు. ఆ పిల్ల మిమ్మల్ని తక్కువ చేయలేదు, మీరు కష్టపడడం చూడలేక అంది. "కప్పుకోవడానికైతే కొనుక్కుందామమ్మా, ఇది కుట్టుకోవడానికి" అని నవ్వేయండి. పాత గుడ్డలే కదా అని మీకే ఎప్పుడైనా అనిపిస్తే అమెరికాలో అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే పల్లె గురించి తెలుసుకోండి. అక్కడి పేద నల్లజాతి ఆడవాళ్ళు పొలం పనుల్లో అరిగిపోయిన ప్యాంట్లు, చొక్కాలు చింపి, చలికి ఇంట్లోవాళ్ళు కప్పుకోవడానికి తరతరాలుగా బొంతలు కుట్టారు. ముక్కలు వంకరగా ఉంటాయి, మోకాలి దగ్గర వెలిసిన మచ్చ అలాగే కనబడుతుంది. 2002లో అవి హ్యూస్టన్‌లోనూ, న్యూయార్క్‌లో విట్నీ మ్యూజియంలోనూ గోడలకెక్కాయి. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు వేసింది. మీ బొంత మ్యూజియానికి పోతుందని నేననను. పోనక్కర్లేదు కూడా. ఆ ఆడవాళ్ళు కుట్టేటప్పుడు మ్యూజియం ఎవరి ఆలోచనలోనూ లేదు, అయినా రంగులు ఎంత తెగువతో వేశారో చూస్తే తెలుస్తుంది. వీలైతే మీ కోడల్ని ఒక్క కుషన్‌కు రంగులు ఏరి పెట్టమనండి. సూది పట్టుకోమనకండి, రంగుల వరకే. ఆ మాత్రానికి ఎవరైనా వస్తారు, వచ్చినవాళ్ళలో కొందరు లేవరు.

మిషన్ గురించి. నిస్సంకోచంగా కుట్టండి, నూటికి నూరుపాళ్ళూ బొంతే. కుట్టుమిషన్లు ఇళ్ళలోకి రావడం మొదలైన 19వ శతాబ్దం నుంచే ఆడవాళ్ళు వాటి మీద బొంత ముక్కలు అతికారు. ముక్కలు కలపడం మిషన్ మీద కానిచ్చేసి, మూడు పొరల్ని కలిపే పై కుట్టు ఒక్కటే చేత్తో వేసుకుంటే వేళ్ళకు సగం పని తగ్గుతుంది. ఆ పై కుట్టు కూడా అంగుళానికి ఎనిమిదీ పదీ పడాలని పట్టు పట్టకండి. కాస్త లావు దారంతో, పెద్ద కన్నమున్న సూదితో అంగుళానికి నాలుగు వేస్తే చాలు, దూరానికి కుట్టు ముచ్చటగా కనిపిస్తుంది. అదీ కష్టమైతే కుట్టే వద్దు, నాలుగు ముక్కలు కలిసే ప్రతి మూల దగ్గరా దారం కిందికి దించి పైకి తీసి గట్టిగా రెండు ముళ్ళు వేసేయండి. ముడికీ ముడికీ మధ్య నాలుగున్నర అంగుళాలే ఉంటుంది, పొరలా అమ్మే దూదిలో చాలా రకాలకు ఆ దూరం సరిపోతుంది. కాకపోతే దూది కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఎంత దూరం చెప్పారో చూసుకోండి.

పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుపోయి చాలాసేపు విప్పారకపోతే, కీళ్ళు వాచినట్టుంటే డాక్టరుకు చూపించండి, దాన్ని కుట్టు మీదికి తోసేయకండి. మామూలు నొప్పయితే చాలావరకు సూదిని మందపు అతుకులోంచి లాగేటప్పుడు వేళ్ళతో బిగించి పట్టుకోవడం వల్ల వస్తుంది. పగిలిన బెలూన్ ముక్క ఒకటి దగ్గర పెట్టుకుని, దాంతో సూదిని పట్టి లాగండి. జారదు, వేళ్ళు బిగించాల్సిన పనీ ఉండదు.